పక్కింటివాళ్ల కోసం ప్రార్థన ఎలా చేయాలి? ఖాళీ చేయించమని అడిగే ముందు ఇది చదవండి

"అక్కా, పక్కింటివాళ్లతో వేగలేకపోతున్నాను, కాస్త ప్రార్థన చేయండి." నాకు వచ్చే ప్రార్థన మనవుల్లో జబ్బుల తర్వాత ఎక్కువగా వినేది ఈ మాటే. చేస్తాను గానీ, మీరేమని చేస్తున్నారు అని తిరిగి అడుగుతాను. కొందరు "వాళ్లు అక్కణ్ణుంచి లేచిపోవాలని" అంటారు. ఇంకొందరు కాస్త నసిగి, "నేనింకా మొదలుపెట్టలేదక్కా, వాళ్ల పేరు తలుచుకుంటేనే ఒళ్లు మండిపోతోంది" అంటారు.

నా మటుకు రెండో రకం వాళ్లతోనే పని తేలిక. మొదటి రకం వాళ్లు తీర్పు తామే రాసేసుకుని, సంతకం కోసం దేవుడి దగ్గరికి వెళ్తున్నారు.

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు వరసగా ఇక్కడ రాసిపెడుతున్నాను. అర్ధరాత్రి శబ్దాలు, గుమ్మం ముందు చెత్త, గేటుకి అడ్డంగా బండి, గోడ తగాదా, లేనిపోని మాటలు పుట్టించడం, గొడవ ఏదైనా దారి ఇదే.

ముందు ఒక హెచ్చరిక

పక్కింటివాళ్లు చెయ్యి చేసుకుంటున్నా, చంపుతామని బెదిరిస్తున్నా, ఆడపిల్లల్ని వెంటాడుతున్నా, వాళ్లింట్లో పిల్లల్నో పెద్దల్నో హింసిస్తున్నట్టు మీకు వినిపిస్తున్నా ఈ వ్యాసం పక్కన పెట్టండి. ముందు పోలీసులకి ఫోన్ చేయండి, నమ్మకమైన మనిషి ఒకరికి చెప్పండి, సురక్షితమైన చోటికి వెళ్లండి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

ఇది అవిశ్వాసం అనుకునేవాళ్లు అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయం తీయండి. 11వ వచనంలో ప్రభువు రాత్రిపూట, రోమా సైనికుల కోటలో బందీగా ఉన్న పౌలు పక్కన నిలబడి, ధైర్యంగా ఉండు, రోమాలో కూడా సాక్ష్యమివ్వాలి అని చెప్పాడు. అంటే పౌలు ప్రాణానికి హామీ వచ్చేసింది. తెల్లవారేసరికి నలభైమందికి పైగా ఆయన్ని చంపేదాకా అన్నపానాలు ముట్టమని ఒట్టు పెట్టుకున్నారు. ఆ సంగతి మేనల్లుడు వచ్చి చెబితే పౌలు "దేవుడు చూసుకుంటాడులే" అని ఊరుకోలేదు. ఆ కుర్రవాణ్ణి అధికారి దగ్గరికి పంపించాడు. వాగ్దానం చేతిలో ఉన్నవాడే ఫిర్యాదు పంపాడు. మనకెందుకు మొహమాటం?

కావలసినవి

• రోజుకి పదిహేను నిమిషాలు. గొడవ జరిగే సమయం కాకుండా వేరే సమయం. పైనుంచి దబదబా శబ్దం వస్తున్నప్పుడు మోకాళ్ల మీద కూర్చుంటే ప్రార్థన సగం దాకా కూడా వెళ్లదు, చెవి పైకప్పుకే అతుక్కుంటుంది.
• ఒక నోట్‌బుక్కు. ఇంట్లో ఎవరూ తీసి చదవనిది.
• పరిశుద్ధ గ్రంథం. ఎక్కువగా కీర్తనలు, సామెతలు, మత్తయి సువార్త, రోమా పత్రిక 12వ అధ్యాయం తిరగేస్తాం.
• పక్కింటివాళ్ల పేర్లు. నవ్వకండి. ఆరేళ్లుగా గొడవపడుతూ అవతలి మనిషి పేరు తెలియనివాళ్లని చూశాను. "ఆ చివరింటాయన", "ఆ కుక్క వాళ్లు" అనడమే. పేరు తెలియకపోతే మొదటి వారం పని అదే.
• ఒక నెల ఓపిక. నెల అన్నది వాక్యంలో ఉన్న లెక్క కాదు, నేను పెట్టుకున్న గడువు. అంతకంటే తక్కువలో మార్పు వచ్చిందో రాలేదో చెప్పడం కష్టం.

కావాలంటే నోరు జారని మనిషి ఒకరిని తోడు పెట్టుకోండి. ఒక్కరే. గుంపు వద్దు. ఎందుకో పొరపాట్ల దగ్గర చెబుతాను.

1. ఫిర్యాదుని కాగితం మీద పరచండి

అష్షూరు రాజు సన్హెరీబు పంపిన బెదిరింపు ఉత్తరాన్ని హిజ్కియా రాజు ఏం చేశాడో గుర్తుందా? మందిరంలోకి తీసుకెళ్లి యెహోవా సన్నిధిలో విప్పి పరిచాడు (2 రాజులు 19:14). ఉత్తరం మొత్తం పరిచాడు. అందులో తనకి నచ్చని భాగం చించి పారేయలేదు, తన తరఫున నాలుగు మాటలు చేర్చనూ లేదు. మనం చేయాల్సింది సరిగ్గా అదే.

పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు జరిగింది రాయండి: తేదీ, సమయం, కంటితో చూసింది, చెవితో విన్నది. కుడివైపు దాని గురించి మీరు అనుకున్నది రాయండి. "రాత్రి 11 దాటాక అరగంట సేపు గోడకి మేకులు కొట్టారు" అన్నది ఎడమవైపు. "మమ్మల్ని నిద్రపోనివ్వకూడదనే కొట్టారు" అన్నది కుడివైపు. రెండూ దేవుడికి చెప్పవచ్చు. కలిపేసి చెప్పకూడదు.

నా సంగతే చెబుతాను. మా పైఇంటావిడ మొక్కలకి పోసే నీళ్లు ఆరేసిన బట్టల మీద పడేవి. మట్టి నీళ్లు. తెల్లచీర మీద గోధుమరంగు చుక్కలు పడితే మళ్లీ ఉతకాల్సిందే. నా కుడివైపు గడిలో "కావాలనే పోస్తోంది" అని ఐదుసార్లు రాశాను. ఎడమవైపు మాత్రం ప్రతిసారీ ఒకటే సమయం, ఉదయం ఏడున్నర. రెండు వారాలు రాశాక ఆ ఏడున్నరల వరసే నన్ను ఆపింది. అది ఆవిడ ఉద్యోగానికి బయల్దేరే ముందు సమయం. హడావుడిగా చెంబుతో పోసి వెళ్లిపోతోందన్నమాట. మేడ మీంచి కిందికి వంగి చూస్తేగానీ నా తీగ కనబడదు. అది కావాలని చేసే పనో కాదో నాకు అప్పటికీ తెలియదు. కానీ తెలియదన్న సంగతి తెలిసింది, అది చాలా పెద్ద మేలు.

గమనిక: కుడివైపు గడి ఖాళీగా ఉందంటే మీరు దేవుడి ముందు మర్యాద నటిస్తున్నారని అర్థం. నిండనివ్వండి.

2. కోపాన్ని ఉన్నదున్నట్టు చెప్పేయండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా "ప్రభువా, వాళ్లని దీవించు" అంటారు. పళ్లు కొరుక్కుంటూ చెప్పే దీవెన అది. కీర్తనల్లో దావీదు అలా నటించలేదు. 55వ కీర్తనలో తనని మోసం చేసిన స్నేహితుడి గురించి ఎంత బాధపడ్డాడో చదవండి. 109వ కీర్తనైతే చదువుతుంటే ఇబ్బందిగా ఉంటుంది, అంత ఘాటు. అయినా అది ప్రార్థనల పుస్తకంలోనే ఉంది. కోపం వెళ్లాల్సిన చోటికి వెళ్లింది కాబట్టి ఉంది.

ఐదు నిమిషాలు పెట్టుకోండి. గడియారం చూసుకోండి. "ప్రభువా, ఆ మనిషి గొంతు వింటేనే నాకు కడుపులో తిప్పుతోంది. నా పిల్ల పరీక్షకి చదువుకోలేకపోయింది. నాకు వాళ్ల మీద కోపంగా ఉంది, వాళ్లు ఏడిస్తే చూడాలని ఉంది" అని ఉన్నదే చెప్పండి. ఐదు నిమిషాలయ్యాక ఆపండి. "కోపపడుడి గాని పాపము చేయకుడి" (ఎఫెసీ 4:26) అన్న మాటలో రెండు సగాలున్నాయి, రెండో సగానికి గడియారం పనికొస్తుంది.

ఇక్కడ రెండు చోట్ల జారిపోతాం.

ఒకటి, శాపాలు. సమరయ గ్రామంవాళ్లు యేసుకి చోటివ్వలేదని ఆయన శిష్యులు యాకోబు, యోహాను ఆకాశం నుంచి అగ్ని రప్పించమంటావా అని అడిగారు. యేసు వాళ్లవైపు తిరిగి గద్దించాడు (లూకా 9:54-55). చోటివ్వనివాళ్లని కాదు, అగ్ని అడిగినవాళ్లని! కోపంగా ఉందని చెప్పడం వేరు, వాళ్ల బిడ్డలకి కీడు జరగాలని కోరడం వేరు. రెండోది నోట్లోకి వస్తే, వచ్చిందని ఒప్పుకుని అక్కడే వదిలేయండి.

రెండోది, మనిషిని దయ్యం చేసేయడం. "మనము పోరాడునది శరీరులతో కాదు" అన్న ఎఫెసీ 6:12 వచనాన్ని పట్టుకుని, పక్కింటాయనలో ఏదో ఆత్మ ఉందని తేల్చేసి, రాత్రంతా దాన్ని బంధించే ప్రార్థనలు చేసేవాళ్లున్నారు. ఆ వచనం చెబుతున్నది దానికి వ్యతిరేకం. ఆ మనిషి మీ శత్రువు కాదని చెబుతోంది. బండి అడ్డంగా పెట్టడానికి దయ్యం పట్టక్కర్లేదు, బద్ధకం చాలు.

3. మీ ఇంట్లోంచి ఏం వెళ్తోందో అడగండి

"దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" (కీర్తన 139:23) అని చదివి, ఒక నిమిషం మౌనంగా ఉండండి. తర్వాత ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: మా ఇంట్లోంచి వాళ్లింట్లోకి ఏం వెళ్తోంది? శబ్దం, పొగ, నీళ్లు, చెత్త, మన పిల్లల బంతి, మన ఇంటికొచ్చేవాళ్ల బళ్లు, వాళ్ల గురించి మనం బయట అన్న మాటలు. గుర్తొచ్చినవి రాయండి.

విశ్వాసుల ఇళ్లకి ప్రత్యేకంగా ఒకటుంది. సామెతలు 27:14 చదవండి. వేకువనే లేచి గొప్ప శబ్దంతో స్నేహితుణ్ణి దీవించేవాడి దీవెన అతనికి శాపంగా ఎంచబడుతుందట. తెల్లవారుజామున నాలుగింటికి గొంతెత్తి చేసే ప్రార్థన, ఇంట్లో కూటానికి పెట్టే మైకు పక్కింటికి ఎలా వినిపిస్తాయో ఎప్పుడైనా గోడకి అవతల నిలబడి విన్నారా? ఒకసారి ప్రయత్నించండి. మా కూటంలో ఆ వచనం చదివిన రోజు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత మైకు తీసేశాం.

అయితే లేని తప్పు వెతికి నెత్తిన వేసుకోకండి. మెత్తటి మనసున్నవాళ్లు ఈ మెట్టు దగ్గరే ఇరుక్కుపోయి "అంతా నా వల్లే" అని తేల్చుకుంటారు. నిజంగా మీది కానిది మీది కాదు. మత్తయి 7వ అధ్యాయంలో ముందు నీ కంట్లో దూలం తీసుకో అన్న ప్రభువు, తర్వాత సహోదరుడి కంట్లో నలుసు తీయడానికి తేటగా కనబడుతుందని కూడా అన్నాడు. నలుసు లేదనలేదు, దాన్ని వదిలేయమనీ అనలేదు.

4. పేరు పెట్టి మేలు అడగండి

"మిమ్మును హింసించు వారికొరకు ప్రార్థన చేయుడి" (మత్తయి 5:44) అన్న మాట అందరికీ కంఠతా వచ్చు. చేసేటప్పుడు మాత్రం "వాళ్లని మార్చు ప్రభువా" అని సరిపెట్టేస్తాం. అది వాళ్ల కోసం చేసిన ప్రార్థన కాదు, మన సౌకర్యం కోసం చేసింది.

వాళ్ల కోసం అంటే, వాళ్లే మీ దగ్గరికొచ్చి ప్రార్థన చేయమంటే ఏం అడుగుతారో అది. ఆరోగ్యం, ఉద్యోగం, పిల్లల చదువు, ముసలితల్లి మోకాళ్ల నొప్పి. ఏం అడగాలో తెలియకపోతే వాళ్ల గురించి మీకు ఏమీ తెలియదని అర్థం. ఒక వారం కళ్లు తెరిచి చూడండి. మందుల సంచి పట్టుకుని ఎవరైనా వస్తున్నారా? ఆయన రాత్రిపూట ఉద్యోగానికి వెళ్తున్నారా? కిటికీలోంచి తొంగిచూడమని కాదు, ఎదురుపడినప్పుడు మొహం తిప్పుకోవద్దని.

మాదిరిగా ఒకటి:

"తండ్రీ, మా పక్కింటి ఫలానా గారి పేరు నీ ముందు పెడుతున్నాను. ఆయన నిద్ర సరిగ్గా లేక చిరాకుగా ఉంటున్నారేమో, నాకు తెలియదు, నీకు తెలుసు. ఆయనకి మంచి నిద్రనివ్వు. వాళ్ల అబ్బాయికి పరీక్షలో జ్ఞాపకశక్తినివ్వు. వాళ్లమ్మగారి నొప్పి తగ్గించు. నేను ఈ మాటలు ఇంకా మనస్ఫూర్తిగా అనలేకపోతున్నాను. అయినా అంటున్నాను. యేసు నామంలో, ఆమేన్."

నోరు రావట్లేదా? మూడు చిన్న దారులున్నాయి. పేరు మాత్రం పలికి ఊరుకోండి, అది కూడా ప్రార్థనే. లేదా ఆ ఇంట్లో మీకు కోపం లేని మనిషి కోసం మొదలుపెట్టండి, పసివాళ్లు ఉంటే ఇంకా తేలిక. లేదా పరలోక ప్రార్థన మెల్లగా చెప్పండి. అందులో "నా తండ్రి" అని లేదు, "మా తండ్రి" అని ఉంది. అనుదినాహారం దగ్గర, ఋణాలు క్షమించమనే దగ్గర ఆ "మా"లో పక్కింటివాళ్లని కూడా కలుపుకోండి. నాకు మొదట్లో కుదిరింది ఇది ఒక్కటే.

యోబు కథలో ఒక వరస ఉంది. అతని స్నేహితులు అతన్ని మాటలతో చీల్చి చెండాడారు. చివర్లో అతను వాళ్ల నిమిత్తం ప్రార్థన చేసినప్పుడు యెహోవా అతని క్షేమస్థితిని మళ్లీ దయచేశాడని ఉంది (యోబు 42:10).

5. ఒక్కటే అడగండి, కొలవగలిగింది అడగండి

"సమాధానం కావాలి ప్రభువా" అంటే మంచిదే, కానీ అది వచ్చిందో రాలేదో నెల తర్వాత మీరే చెప్పలేరు. నోట్‌బుక్కులో ఎడమవైపు గడి మళ్లీ చదివి, ఎక్కువసార్లు వచ్చిన ఒక్క విషయం తీసుకోండి. "రాత్రి పదిన్నర తర్వాత శబ్దం ఆగాలి." "ఉదయం నేను బయటికి వెళ్లేటప్పుడు గేటు ముందు బండి ఉండకూడదు." ఒక్క వాక్యం.

రాశాక దానికి ఒక పరీక్ష పెట్టండి: ఇది నెరవేరితే వాళ్లకి నష్టమా? "వాళ్లు ఇల్లు ఖాళీ చేయాలి" అన్నది ఈ పరీక్షలో తప్పుతుంది. అలాంటిది రాస్తే కొట్టేసి మళ్లీ రాయండి.

కొన్నిసార్లు మనమే పక్కకి జరగడం జవాబవుతుంది. ఆదికాండము 26లో ఇస్సాకు పనివాళ్లు బావి తవ్వితే గెరారు కాపరులు ఈ నీళ్లు మావి అని తగాదా పెట్టుకున్నారు. దానికి ఏశెకు అని పేరు పెట్టి ఇంకోటి తవ్వారు. దానికీ గొడవే, అది శిత్నా. మూడోదానికి ఎవరూ జగడం ఆడలేదు, అది రహెబోతు. ఇస్సాకు బావులు వదిలాడు గానీ తవ్వడం వదల్లేదు. తర్వాత గెరారు రాజు అబీమెలెకు వెతుక్కుంటూ వస్తే, మీరు నామీద పగపట్టి పంపేశారు కదా, ఎందుకొచ్చారు అని నేరుగా అడిగాడు. అడిగాకే విందు చేశాడు.

అలాగని ప్రతిదీ వదులుకోవడమే భక్తి అని ఎవరైనా చెబితే నమ్మకండి. పక్కనే ఉన్న రాజు అహాబు ద్రాక్షతోట అడిగినా నాబోతు తన పితరుల స్వాస్థ్యం ఇవ్వనన్నాడు (1 రాజులు 21). అతన్ని వాక్యం ఎక్కడా తప్పుపట్టలేదు. సరిహద్దు రాయి జరపకూడదని ధర్మశాస్త్రంలోనే ఉంది (ద్వితీయోపదేశకాండము 19:14). బట్టల తీగ జరపవచ్చు, పొలం గట్టు వేరే సంగతి.

6. తలుపు తీసే ముందు చేసే ప్రార్థన

పొద్దున పావుగంట బాగా ప్రార్థన చేసి, సాయంత్రం గేటు దగ్గర ఒక్క మాటతో అంతా పోగొట్టుకోవడం మనకి అలవాటే. అందుకని జేబులో పెట్టుకునే ప్రార్థన ఒకటి కావాలి.

నెహెమ్యా ఒకసారి పారసీక రాజు ముందు నిలబడ్డాడు. రాజు ఏం కావాలని అడిగాడు. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేశానని రాసుకున్నాడు (నెహెమ్యా 2:4). ఎంతసేపు చేసి ఉంటాడు? ఒక్క ఊపిరి. "యెహోవా, నా నోటికి కావలియుంచుము" అన్న 141వ కీర్తన 3వ వచనం ఆ ఊపిరిలో సరిపోతుంది. అంతకూడా గుర్తుకి రాకపోతే "ప్రభువా, నా నోరు" అనండి చాలు. కాలింగ్ బెల్ మోగగానే, తలుపు గడియ మీద చెయ్యి పెట్టినప్పుడు అనడం అలవాటు చేసుకోండి.

ఫోన్‌కి కూడా ఇదే. కోపంలో మెసేజ్ టైప్ చేయండి, కానీ పంపకండి. నోట్‌బుక్కులో రాసుకుని మర్నాడు ప్రార్థన తర్వాత చదవండి. అప్పటికీ పంపాలనిపిస్తే సగం కత్తిరించి పంపండి. అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎప్పుడూ వద్దు. పదిమంది ముందు అన్న మాటకి ఎవరూ తగ్గరు, మీరూ తగ్గరు.

7. వెళ్లి మాట్లాడండి

ఇదీ ప్రార్థనలో భాగమే. ఇక్కడికి రాకుండా మూడేళ్లు ఉపవాసాలున్న సోదరి ఒకామె నాకు తెలుసు. పక్కింటివాళ్లకి ఆమె ఇబ్బంది పడుతున్నట్టే తెలియదు!

మత్తయి 18:15 సంఘంలో సహోదరుల మధ్య సంగతే గానీ, ఆ క్రమం ఎవరికైనా పనిచేస్తుంది: ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో, ఆ తర్వాతే నలుగురికీ. కనీసం రెండు వారాలు పైమెట్లు చేశాక వెళ్లండి. గొడవ జరుగుతున్నప్పుడు వెళ్లకండి. వాళ్లు తీరికగా కనిపించినప్పుడు వెళ్లండి. మూడో మెట్టులో మీ తప్పు ఏదైనా బయటపడితే ముందు అదే చెప్పండి, చివర్లో "కానీ" తగిలించకుండా.

నేను పైఇంటావిడతో అన్నది ఇంతే: "అండీ, ఒక్క నిమిషం. మీ మొక్కలు చాలా బాగా పెరిగాయి. పొద్దున నీళ్లు పోసినప్పుడు కింద మా బట్టల మీద పడుతున్నాయి. మీకు పైనుంచి కనబడదనుకుంటా. ఏం చేద్దామంటారు?" ఒక విషయం, ఒక ప్రశ్న. ఆవిడ నాతో పాటు కిందికొచ్చి తీగ చూసింది. చుక్కలు పడ్డ చీర చూసి, "అయ్యో, ఇన్నాళ్లూ చెప్పలేదేంటండీ" అంది. నాకు సిగ్గేసింది. నాలుగు నెలలుగా నేను దేవుడికి చెబుతున్నాను, ఆవిడకి చెప్పలేదు.

అందరి దగ్గరా ఇలా జరగదు. తలుపు మొహం మీద వేసేవాళ్లూ ఉంటారు. అలా జరిగితే వాదించకుండా తిరిగి రండి, తేదీ వేసి రాసుకోండి.

అక్కడ అనకూడని మాట: "మీ కోసం ప్రార్థన చేస్తున్నాను." మీరు మంచి మనసుతో అన్నా గొడవ మధ్యలో అది ఎత్తిపొడుపులా వినబడుతుంది. కరపత్రం కూడా ఆ రోజు వద్దు. వాళ్లు వేరే మతస్థులైతే మరీ వద్దు, చెత్త గురించి వచ్చినవాళ్లు చెత్త గురించే మాట్లాడాలి.

8. వినకపోతే

"శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి" (రోమా 12:18). ఈ వచనంలో "శక్యమైతే", "మీ చేతనైనంత మట్టుకు" అనే రెండు మాటలు ఊరికే పెట్టలేదు. కొన్నిసార్లు శక్యం కాదు.

అప్పుడు ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని రెండోసారి వెళ్లండి. ఆ తర్వాత ఇంటి యజమాని, నివాసుల సంఘం, చివరికి సంబంధించిన అధికారులు. మీ నోట్‌బుక్కులో ఎడమవైపు గడి ఇప్పుడు అక్కరకొస్తుంది, తేదీలు, సమయాలు అన్నీ ఉన్నాయి కదా. కుడివైపు గడి ఎవరికీ చూపించకండి. అధికారుల కోసం కూడా ప్రార్థన చేయమని 1 తిమోతి 2:1-2లో ఉంది, ఫిర్యాదు ఇచ్చిన రోజు నుంచి వాళ్ల పేరు కూడా చేర్చుకోండి. ఫిర్యాదు ఇచ్చాక నాలుగో మెట్టు ఆపకూడదు, అదొక్కటే నియమం.

ఎక్కువగా చేసే పొరపాట్లు

ప్రార్థన మనవి పేరుతో చాడీలు. అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇదే, నేనూ చేశాను. "పక్కింటావిడ కోసం ప్రార్థన చేయండి" అని మొదలుపెట్టి, "ఎందుకంటే మొన్న ఏమైందంటే" అని పావుగంట చెబుతాం. ఆమేన్ అనేసరికి ఆ పక్కింటావిడ పరువు ఇరవైమంది ఒళ్లో ఉంటుంది. కూటంలో చెప్పాల్సి వస్తే "నాకు ఒకరితో ఇబ్బందిగా ఉంది, నా నోటి కోసం ప్రార్థన చేయండి" అనండి. అంతే.

గోడకి వినిపించేలా ప్రార్థన. "ప్రభువా, మా ఇరుగుపొరుగువారికి బుద్ధి దయచేయి!" అని కిటికీ వైపు తిరిగి గట్టిగా అనడం. అది ఎవరికి వినిపించడానికో మీకూ తెలుసు.

వాళ్ల గుమ్మానికి రహస్యంగా నూనె రాయడం, గేటు దగ్గర ఏదైనా చల్లడం. చేయకండి. వాళ్లు చూస్తే చేతబడి అనుకుంటారు, గొడవ వందరెట్లవుతుంది. ఇంకొకరి ఇంటి గుమ్మం మీ ప్రార్థన స్థలం కాదు.

ఉపవాసంతో దేవుణ్ణి బలవంతపెట్టడం. కలహపడుతూ, వివాదాలు చేస్తూ ఉండే ఉపవాసం గురించి యెషయా 58:4 గట్టిగానే మాట్లాడుతుంది. ఉపవాసం ఉండాలనిపిస్తే ఉండండి, కానీ ఆ రోజు పక్కింటివాళ్ల గురించి ఎవరితోనూ ఒక్క చెడ్డమాట అనకుండా ఉండండి. తిండి మానడం కంటే ఇదే కష్టం, చూసుకోండి.

వాళ్లకి జ్వరమొస్తే "దేవుడు చూశాడు" అనుకోవడం. నీ శత్రువు పడినప్పుడు సంతోషించకు అని సామెతలు 24:17 చెబుతోంది. సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్ధెనిమిదిమంది మిగతావాళ్ల కంటే అపరాధులా అని ప్రభువే అడిగి, కాదన్నాడు (లూకా 13:4-5). జ్వరమొస్తే చూడడానికి వెళ్లండి, ఏదైనా కావాలా అని అడగండి. పగవాడి ఎద్దో గాడిదో తప్పిపోతే తోలుకొచ్చి అప్పగించమని నిర్గమకాండము 23:4లో ఉంది. గాడిదలు లేవు గానీ, పొరపాటున మీ గుమ్మం దగ్గర పడేసిన వాళ్ల పార్సిల్ ఉంటుంది.

పిల్లల చేత ప్రార్థన చేయించడం. "ఆ అంకుల్ చెడ్డవాడు కాకుండా ఉండాలని చెప్పమ్మా" అంటే ఆ బిడ్డ రేపు మెట్ల మీద ఆయనకి ఎదురుపడి అదే చెబుతుంది. పిల్లల్ని ఇందులోకి లాగకండి.

పని జరుగుతోందని ఎలా తెలుస్తుంది?

వారానికోసారి, ఒకటే రోజున నోట్‌బుక్కు తీయండి. ముందు మిమ్మల్ని చూసుకోండి, తర్వాత వాళ్లని.

వాళ్ల బండి శబ్దం వినబడగానే ఒళ్లు బిగుసుకుంటోందా? మొదటి వారంలో ఎంత, ఇప్పుడెంత? ఈ వారం వాళ్ల గొడవ ఎంతమందికి చెప్పారు? ఆ అంకె తగ్గుతుంటే ప్రార్థన పనిచేస్తోంది. కుడివైపు గడిలో "కావాలనే" అన్న మాట ఎన్నిసార్లు వచ్చింది? వాళ్ల గురించి కొత్తగా ఏం తెలుసుకున్నారు?

తర్వాత అసలు విషయం. ఐదో మెట్టులో రాసుకున్న ఒక్క వాక్యం తీసి లెక్కపెట్టండి. మొదటి వారంలో ఐదు రాత్రులు శబ్దం ఉంటే, నాలుగో వారంలో ఎన్ని? రెండైతే దాన్ని మార్పుగానే రాసుకోండి. సున్నా అయ్యేదాకా కృతజ్ఞత వాయిదా వేయకండి.

నెల గడిచినా అంకె కదల్లేదంటే ప్రార్థన వినబడలేదని కాదు. ఏడో మెట్టు నిజంగా చేశారా, మీరు అడిగింది వాళ్ల చేతిలో ఉన్న పనేనా అని చూడండి. పసిబిడ్డ ఏడుపు ఆపమని ఆ తల్లిని అడిగి లాభం లేదు. అప్పుడు మనవి మార్చుకోండి: ఆ తల్లికి నిద్ర, మీకు చెవిలో పెట్టుకునే దూది. గొడవ ముదురుతుంటే మాత్రం నెల ఆగకుండా ఎనిమిదో మెట్టుకి వెళ్లండి.

తరచూ అడిగేవి రెండు

"పక్కింటివాళ్లు మా సంఘంవాళ్లే అక్కా, ఏం చేయాలి?" అయితే ఇంకా కష్టం, ఎందుకంటే వాళ్లూ మీ మీద ప్రార్థన మనవి పెట్టి ఉంటారు. మెట్లు మారవు. రెండో విడతలో పాస్టర్ గారిని పిలవండి, కానీ మీ ఒక్కరి కథ ముందే ఆయన చెవిలో వేసి పిలవకండి. ఇద్దరూ ఉన్నప్పుడే మొదటిసారి చెప్పండి.

"నెల తర్వాత ఆపేయొచ్చా?" గొడవ తీరితే ఆ ఒక్క మనవి కొట్టేయండి. పేరు కొట్టేయకండి. మా పైఇంటావిడ కుండీల కింద పళ్లేలు పెట్టింది, నేను తీగ ఒక మూర లోపలికి జరిపాను. హడావుడిగా ఉన్న రోజు ఇప్పటికీ నాలుగు చుక్కలు పడతాయి. పడిన రోజు ఆవిడ పేరు తలుచుకుంటాను, పొద్దున్నే అంత హడావుడి ఎందుకో మాత్రం ఇంకా అడగలేదు. ఈ వారం అడగాలి.